నాన్నకి ఫోన్‌లో యూపీఐ పెట్టివ్వొచ్చా? మోసాల భయం ఉంది

పెట్టివ్వండి. కానీ పింఛను పడే ఖాతాకి వద్దు. ఇంకో ఖాతా తెరిచి, నెల ఖర్చుకి సరిపడా మూడు నాలుగు వేలు వేసి, దాన్నే యాప్‌కి కలపండి. పోయినా పోయేది అంతే.

2016లో యూపీఐ వచ్చాక కూరగాయల బండి దగ్గర కూడా చిల్లర గొడవ తీరింది, ఆ సుఖం పెద్దాయనకి ఎందుకు లేకుండా చేయాలి? మోసగాళ్లు చాలావరకు యాప్‌ని బద్దలుకొట్టరు, మనిషిని కంగారుపెడతారు. "మీకు డబ్బులు పంపుతున్నా సార్, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు. బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు కాకుండా పిన్ అడిగిందంటే డబ్బు బయటికి పోతున్నట్టే. ఈ ఒక్క మాట ఆయన చేత రెండుసార్లు చెప్పించుకోండి.

పాలు, కూరలకి యూపీఐ లైట్ (యాప్‌లోనే చిల్లర ఖర్చుకి ఉండే చిన్న పర్సు లాంటిది) చాలు. 1,000 రూపాయల వరకు పిన్ అడగదు, అందులో 5,000కి మించి ఉంచలేం. ఫోన్‌కి లాక్ మాత్రం తప్పనిసరి.

డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకి. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేనప్పుడు 3 పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మనమీద పడదు. పిన్ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలిపేదాకా పోయిందంతా మన నెత్తినే.