మొదటి ఓడ ఎక్కబోతున్న అల్లుడికి

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఎళిమల నౌకాదళ అకాడమీలో శిక్షణ అయిపోయి నీకు ఓడ మీద పోస్టింగ్ వచ్చిందని అక్కయ్య ఫోన్ చేసింది. ఎంత సంతోషమేసిందో! అడ్మిరల్ కావాలంటే ఇప్పట్నుంచే ఏం చెయ్యాలని అడిగావట. రామ్‌దాస్ కటారి గారి గురించి చదువు.

1958 ఏప్రిల్ 22న మన నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారాయన. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు దాటినా అప్పటిదాకా ఆ కుర్చీలో బ్రిటిష్ అధికారులే. 1961లో గోవా విముక్తి నాటికి నౌకాదళం ఆయన చేతిలోనే ఉంది. ఇదంతా అందరూ చెప్పేదే. నువ్వు చూడాల్సింది ఇంకా వెనక్కి వెళ్లి. 1927లో డఫ్రిన్ శిక్షణ నౌకలో చేరిన మొదటి బ్యాచ్ కుర్రాడు, వైస్రాయ్ బంగారు పతకం తెచ్చుకున్నవాడు. అలాంటి వాడు ఆ తర్వాత ఏళ్ల తరబడి చేసిందేమిటో తెలుసా? కలకత్తా పోర్టు కోసం హుగ్లీ నదిలో సర్వే!

హుగ్లీలో ఇసుక మేటలు ఒకచోట నిలవవు. మొన్న ఓడ వెళ్లిన దారిలో ఇవాళ వెళ్తే నేలకు తగలొచ్చు. పాత పద్ధతిలో లోతు చూడాలంటే తాడుకు సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలేవారు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు మెత్తేవారు. పైకి లాగాక ఆ కొవ్వుకి ఇసుక అంటిందా, బురద అంటిందా, గవ్వముక్కలా అని చూసి రాసుకోవాలి. చప్పట్లు కొట్టేవాళ్లుండరు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రావడం, ఆయన నౌకాదళ వాలంటీర్ రిజర్వ్‌లో చేరి జలాంతర్గాములను వేటాడే విద్యలో నిపుణుడు కావడం కాకతాళీయమని నేననుకోను. నీటి అడుగున ఏముందో ఓపిగ్గా కనిపెట్టడం ఆయనకు అప్పటికే ఒంటబట్టింది.

నీకూ మొదట్లో చిన్న పనులే ఇస్తారు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ, పడుతుంది. లాగ్‌బుక్‌లో నీ కంటితో చూసిందే రాయి, పక్కవాడు చెప్పాడని రాయొద్దు. రాడార్ ఉంది కదాని కూర్చోకు. లేచి, ఓడ నడిపే గది పక్కనుండే వసారా, అదే బ్రిడ్జి వింగ్‌లోకి వెళ్లి, ఎదుటి ఓడ దీపాన్ని నువ్వే చూసి బేరింగ్ (అది ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల్లో ఉందో) తీసుకో. కాసేపాగి మళ్లీ తీసుకో. బేరింగ్ పెద్దగా మారకుండా దూరం తగ్గుతోందంటే ఆ ఓడ నీ మీదికే వస్తోందని లెక్క.

ఇంజిన్ రూమ్‌కి దిగు. పెట్టీ ఆఫీసర్లు (నావికుల్లో సీనియర్లు) నీకంటే చాలా ముందు నుంచి సముద్రం మీద ఉన్నవాళ్లు. భుజం మీద ఆఫీసర్ చార ఉందని వాళ్లను అడగడానికి నామోషీ పడకు.

ఇంకొకటి, దీన్ని మాత్రం అస్సలు మర్చిపోకు. అనుమానం వస్తే పిలవమని కెప్టెన్ నైట్ ఆర్డర్ బుక్‌లో రాస్తారు. అది మర్యాదకు రాసిన మాట కాదు. నిద్ర చెడుతుందనో, ఏమనుకుంటారోననో టెన్షన్ పడుతూ ఆగిపోకు. అనుమానం వచ్చిన ఆ నిమిషమే లేపు.

మామయ్య