1997 తర్వాత చెస్‌లో మనిషి కంప్యూటర్‌ని మళ్లీ ఓడించాడా?

ఓడించాడు, 1997లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ చేతిలో 3.5–2.5తో ఓడిన ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవే ఆ తర్వాత కూడా యంత్రాలపై గేములు గెలిచాడు.

డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల పొజిషన్లు చూసేది. అయినా ఆ కాలపు ప్రోగ్రాములకు ఎదురెదురు బంట్లు బిగుసుకుపోయిన ఆటలో దూరపు ప్లాన్ అందేది కాదు. 2003లో న్యూయార్క్‌లో ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రాముతో అతను ఆడిన మూడో గేమ్ చూడండి, చాలా అందమైన ఆట. కాస్పరోవ్ మధ్యలో బంట్లు బిగించి రాణి వైపు నింపాదిగా నొక్కుకొస్తుంటే, ఫ్రిట్జ్ పావుల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉండిపోయింది. మ్యాచ్ 2–2తో సమం. 2006లో బాన్‌లో మాత్రం అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాము చేతిలో 4–2తో ఓడాడు. ఒక గేమ్‌లో తన రాజుకు ఒకే ఎత్తులో పడే మేట్‌ని గమనించలేదు.

చెన్నైలో పిల్లల్ని చెస్ క్లాసులకు పంపే మనవాళ్లు చాలామంది, ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రాము) ఆటంతా చివరిదాకా లెక్కేస్తుందనుకుంటారు. అలా పూర్తిగా తేలిన లెక్క రాజులతో కలిపి ఏడు పావుల వరకే ఉంది. బోర్డుపై అంతకంటే ఎక్కువ పావులున్నప్పుడు తెరపై కనిపించే +0.3 (తెల్లవైపు కాస్త మొగ్గు) లాంటి అంకె అంచనా మాత్రమే.