రెండో సిగ్‌హప్‌కే ప్రాసెస్ ఆగిపోతోంది: ప్రమాణాన్ని పాటించాలా, పాత ప్రవర్తనను కాపాడాలా?

మీ పాత సీ సర్వీసును ‘ఎస్‌టీడీ=సీ99’ ఆప్షన్‌తో (1999 నాటి సీ భాషా ప్రమాణాన్ని కచ్చితంగా పాటించమని కంపైలర్‌కు చెప్పేది) కంపైల్ చేసినప్పటి నుంచి మొదటి సిగ్‌హప్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు, అంటే ప్రాసెస్‌కు, పంపే ‘సిగ్నల్’ అనే సందేశాల్లో ఒకటి) సెట్టింగులను సరిగానే మళ్లీ చదువుకుంటోందనీ, రెండోదానికి ప్రాసెస్సే ముగిసిపోతోందనీ రాశారు. ప్రమాణం కోసం ఆ ఆప్షన్‌ను ఉంచాలా, పాత ప్రవర్తన కోసం తీసేయాలా అన్నది మీ ప్రశ్న. నా సలహా: ఆప్షన్‌ను ఉంచండి, కోడ్‌లో హ్యాండ్లర్‌ను (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌ను) నమోదు చేసే ‘సిగ్నల్’ ఫంక్షన్‌ను మాత్రం వదిలి, అదే పనికి ఉన్న ‘సిగ్‌యాక్షన్’కు మారండి.

హైదరాబాద్‌లో, మాదాపూర్‌లో నేను పనిచేసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే ఎదురైంది. అక్కడ లాగ్ ఫైళ్లను మార్చే లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము ప్రతి రాత్రీ సర్వీసుకు సిగ్‌హప్ పంపేది. కొత్త బిల్డ్ పెట్టిన మొదటి రాత్రి ఏమీ కాలేదు, రెండో రాత్రి సర్వీసు ఆగిపోయింది. సిగ్‌హప్‌కు డిఫాల్ట్ చర్య ప్రాసెస్‌ను ముగించడమే కాబట్టి కోర్ డంప్ (ఆగిన క్షణంలోని మెమరీ నకలు) లేదు, లాగ్‌లో ఒక్క ముక్కా లేదు. అందరూ మెమరీ లోపం కోసం వెతుకుతుండగా, ప్రోగ్రాము చేసే సిస్టమ్ కాల్స్‌ను (కెర్నెల్‌ను అడిగే పనులను) చూపే ఎస్‌ట్రేస్‌తో పాత, కొత్త బైనరీలను పక్కపక్కన నడిపి చూశాం. పాతదానిలో ‘ఎస్‌ఏ_రీస్టార్ట్’ (తెగిన సిస్టమ్ కాల్‌ను మళ్లీ మొదలుపెట్టు) అనే ఫ్లాగు ఉన్నచోట కొత్తదానిలో ‘ఎస్‌ఏ_రీసెట్‌హ్యాండ్’ (హ్యాండ్లర్‌ను ఒక్కసారికే వాడు), ‘ఎస్‌ఏ_నోడిఫర్’ (హ్యాండ్లర్ నడుస్తున్నా అదే సిగ్నల్‌ను ఆపకు) కనిపించాయి. సోర్స్‌లో ఒక్క అక్షరమూ మారలేదు.

దీని మూలం యూనిక్స్‌లోని రెండు పాత శాఖల్లో ఉంది. వాటిలో ఒకటైన సిస్టమ్ ఫైవ్‌లో హ్యాండ్లర్ మొదలవగానే ఆ సిగ్నల్ డిఫాల్ట్ చర్యకు తిరిగి వెళ్లిపోయేది. 1983లో వచ్చిన రెండో శాఖ 4.2 బీఎస్‌డీ ఆ పద్ధతిని మార్చి, హ్యాండ్లర్‌ను అలాగే నిలిపి ఉంచి, అది నడుస్తున్నంతసేపూ అదే సిగ్నల్‌ను ఆపి, మధ్యలో తెగిన సిస్టమ్ కాల్స్‌లో కొన్నింటిని తిరిగి మొదలుపెట్టేలా చేసింది. సీ ప్రమాణం ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని విధించకుండా, ఎంపికను అమలు చేసేవారికే వదిలేసింది. లైనక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ సాధారణంగా బీఎస్‌డీ పద్ధతిని ఇస్తుంది గానీ, కచ్చితమైన సీ99 కావాలని మీరు కోరినప్పుడు సిస్టమ్ ఫైవ్ పద్ధతికి మారుతుంది. అంటే మీ పాత బైనరీ ప్రమాణాన్ని ఉల్లంఘించలేదు, కొత్తది దాన్ని ఎక్కువగా పాటించడమూ లేదు. ఇక్కడ ప్రమాణానికీ పాతదానికీ మధ్య పోటీ ఉందనుకోవడమే పొరపాటని నా అభిప్రాయం.

హ్యాండ్లర్ లోపలే ‘సిగ్నల్’ను మళ్లీ పిలిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు; దయచేసి ఆ దారి పట్టకండి. హ్యాండ్లర్ మొదలైన క్షణానికీ ఆ పిలుపు పూర్తయ్యే క్షణానికీ మధ్య ఇంకో సిగ్‌హప్ వస్తే ప్రాసెస్ ముగిసిపోతుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం చేసిన 1988 నాటి పోజిక్స్ ప్రమాణంలోని ‘సిగ్‌యాక్షన్’తో, మీకు కావలసిన ప్రవర్తనను ఫ్లాగుల రూపంలో మీరే స్పష్టంగా రాయగలరు.

పాత ప్రోగ్రాములను చెడగొట్టకుండా కొత్తదాన్ని ఎలా తేవాలో లైనక్స్ కెర్నెల్ బాగా చూపింది. రియల్‌టైమ్ సిగ్నళ్లు అనే కొత్త రకం వచ్చాక సిగ్నల్ సెట్ (ఒక్కో సిగ్నల్‌కు ఒక బిట్ ఉండే జాబితా) 32 బిట్లలో పట్టలేదు. అప్పుడు 2.2 వెర్షన్‌లో పాత సిస్టమ్ కాల్‌ను మార్చకుండా, దాని పక్కనే ‘ఆర్‌టీ_సిగ్‌యాక్షన్’ను చేర్చారు.

మార్చేముందు మాత్రం ఒకటి చూసుకోండి. ‘ఎస్‌ఏ_రీస్టార్ట్’ను అన్నిచోట్లా పెట్టేయకూడదు. కోడ్‌లో ఎక్కడైనా ‘అలారం’ (గడువు దాటగానే సిగ్‌అలారం సిగ్నల్ పంపించేది) పెట్టి, గడువు దాటగానే ‘రీడ్’ ‘ఈఇంటర్’ (సిగ్నల్ వల్ల మధ్యలో తెగింది అనే లోపం)తో వెనక్కి వస్తుందని ఆధారపడి ఉంటే, ఆ ఫ్లాగు వల్ల ‘రీడ్’ మళ్లీ మొదలై ఎప్పటికీ వేచి ఉంటుంది. కాబట్టి సిగ్‌హప్‌కు ఆ ఫ్లాగు ఇచ్చి, సిగ్‌అలారంకు ఇవ్వకండి. పరీక్షలో సిగ్‌హప్‌ను ఒకసారి పంపి ఊరుకోకుండా, వెంటవెంటనే చాలాసార్లు పంపి చూడండి.