పియానో శ్రుతి చేయడం నేర్చుకునేవారు చెవులను కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న: నేను కొన్ని నెలలుగా పియానో ట్యూనింగ్ నేర్చుకుంటున్నాను. రోజూ మూడు నాలుగు గంటలు సాధన చేస్తాను. తారస్థాయి తీగలతో పనిచేసిన రోజున సాయంత్రం చెవుల్లో సన్నని కూత వినిపిస్తోంది, మరునాటికి తగ్గిపోతోంది. తీగ శ్రుతి జారకుండా నిలబడాలంటే మెట్టును గట్టిగా కొట్టి తీరాలని మా గురువుగారు చెబుతారు. ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే బీట్లు (రెండు నాదాలు కలిసినప్పుడు శబ్దంలో వినిపించే హెచ్చుతగ్గులు) సరిగా వినబడవేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ కూతను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మరునాటికి తగ్గిపోతోంది కాబట్టి నష్టమేమీ లేదని అనుకోవడానికి వీల్లేదు. లోపలి చెవిలో ధ్వని కంపనాలను నాడీ సంకేతాలుగా మార్చే రోమ కణాలు పెద్ద శబ్దాలకు అలసిపోయినప్పుడు వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది, కూత కూడా పుట్టవచ్చు. విశ్రాంతి దొరికితే అవి చాలావరకు కోలుకుంటాయి. కానీ ఇదే అలసట రోజూ కలుగుతూ ఉంటే కొన్ని కణాలు చనిపోతాయి, మనిషి చెవిలో అవి మళ్ళీ పుట్టవు. శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, ఎక్కువగా 4000 ప్రాంతంలో మొదలవుతుంది. పియానోలో చివరి మెట్టు పౌనఃపున్యం సుమారు 4186 హెర్ట్జ్ అని గుర్తుచేసుకుంటే, మీ వృత్తికి అవసరమైన వినికిడే ముందుగా దెబ్బతింటుందని అర్థమవుతుంది.

ప్రమాదం శబ్ద తీవ్రతతో పాటు అది చెవిని తాకే కాలం మీద కూడా ఆధారపడుతుంది. వృత్తి ఆరోగ్య నిపుణులు విస్తృతంగా పాటించే ఒక లెక్క ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు, తీవ్రత 3 డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారీ ఆ కాలం సగానికి తగ్గుతుంది. అంటే 94 డెసిబెళ్ళ దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు మాత్రమే. ఈ విషయంలో నేర్చుకునేవారి పరిస్థితి అనుభవజ్ఞుల కన్నా కష్టమైనది. చేయి తిరిగిన ట్యూనరు గంట, గంటన్నరలో పియానో పూర్తిచేసి లేస్తాడు. కొత్తగా నేర్చుకునేవారు ఒకే తీగ దగ్గర ఆగిపోయి, అదే మెట్టును పదే పదే కొడుతూ ఉంటారు. పైగా చివరి మెట్ల తీగలు సుమారు 5 సెంటీమీటర్ల పొడవే ఉంటాయి కనుక వాటి నాదం పుట్టిన వెంటనే ఆరిపోతుంది, మళ్ళీ వినాలంటే మళ్ళీ కొట్టక తప్పదు. నిలువుగా ఉండే అప్‌రైట్ పియానో ముందు పలక తీసి తల లోపలికి వంచితే చెవి తీగలను కొట్టే హ్యామర్ల ఎదురుగానే ఉంటుంది. పెద్ద శబ్దానికి మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత రక్షణ ఇచ్చే మాట నిజమే గానీ, అది బిగుసుకునేలోగానే హ్యామర్ తొలి తాకిడి లోపలికి చేరిపోతుంది. పైగా ఆ రక్షణ ప్రధానంగా తక్కువ పౌనఃపున్యాలకే దక్కుతుంది, మీకు కావలసింది పై పౌనఃపున్యాల దగ్గర. ఫోనులోని డెసిబెల్ మీటర్లను చూసి ధైర్యం తెచ్చుకోకండి, ఇలాంటి క్షణిక శబ్దాలను అవి తరచుగా తక్కువ చేసి చూపిస్తాయి.

ఇక గట్టిగా కొట్టడం గురించి. మీ గురువుగారి మాటలో న్యాయం ఉంది. తీగ తాకే ప్రతి చోటా రాపిడి ఉంటుంది కాబట్టి, తీగ చుట్టి ఉండే పిన్నును తిప్పినప్పుడు బిగువు తీగ పొడవునా సమంగా పరుచుకోదు. బలమైన దెబ్బ దాన్ని సర్దుతుంది, అది లేకపోతే వాయించేవారి చేతి కింద ఆ శ్రుతి జారిపోతుంది. అయితే వినడానికి కొట్టే దెబ్బ వేరు, తీగను నిలబెట్టడానికి కొట్టే దెబ్బ వేరు. చాలామంది విద్యార్థులు ఈ రెంటినీ కలిపేసి మొదటి నుంచి చివరి దాకా ఒకే బలంతో కొడతారు. పిన్నును తిప్పే లీవరును కదుపుతూ శ్రుతిని వెతికేటప్పుడు మామూలు బలంతో వాయించండి. శ్రుతి కుదిరాక ఒకటి రెండు గట్టి దెబ్బలు వేసి, మళ్ళీ మెల్లగా వాయించి అది నిలిచిందో లేదో చూసుకోండి. జారితే ఆ లోపం దెబ్బలో కన్నా పిన్నును నిలిపిన తీరులో ఉండే అవకాశం ఎక్కువ. లీవరు పని మెరుగుపడిన కొద్దీ దెబ్బల సంఖ్య దానంతటదే తగ్గుతుంది. ఇది చెవికీ పనికీ ఒకేసారి మేలు చేసే అలవాటు అని నా దృఢాభిప్రాయం.

ఇయర్‌ప్లగ్‌ల గురించి మీ భయం సగమే నిజం. వేళ్ళతో నలిపి పెట్టుకునే స్పాంజి ప్లగ్‌లు పై పౌనఃపున్యాలను ఎక్కువగా కోసివేస్తాయి కనుక నాదం మొద్దుబారి బీట్లు పట్టుకోవడం కష్టమవుతుంది. సంగీతకారుల కోసం తయారుచేసే ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని పౌనఃపున్యాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి. చెవి అచ్చు తీసి చేయించుకునే వాటిలో 9, 15, 25 డెసిబెళ్ళు తగ్గించే ఫిల్టర్లను మార్చుకోవచ్చు. బీటు అంటే శబ్దం పెరుగుతూ తరుగుతూ ఉండే లయ, మొత్తం శబ్దం సమానంగా తగ్గినప్పుడు ఆ లయ చెడిపోదు. పియానో మధ్య ప్రాంతంలోని ఎఫ్3, ఎ3 మెట్లు కలిపి నొక్కితే సెకనుకు దాదాపు ఏడు బీట్లు రావాలి, 15 డెసిబెళ్ళ ఫిల్టరుతోనూ ఆ ఏడూ వినిపిస్తాయి. నిజానికి గట్టి శబ్దంలో అలసిన చెవికే బీట్లు మసకబారతాయి. మొదట్లో మీ గొంతు మీకే బోలుగా వినిపిస్తుంది, కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. అందుకే పని వచ్చాక చూద్దామని వాయిదా వేయకుండా ఇప్పటి నుంచే ప్లగ్‌లతో నేర్చుకోండి, అప్పుడు మీ చెవి ఆ నాదానికే శిక్షణ పొందుతుంది.

సాధనను తారస్థాయి మీదే గంటల తరబడి సాగించకుండా, మధ్యస్థాయి, మంద్రస్థాయి పనులతో కలిపి చేయండి. మధ్య మధ్య నిశ్శబ్దంగా ఉండే గదిలో కాసేపు కూర్చోండి. ఆ విరామంలో ఇయర్‌ఫోన్లతో పాటలు వింటే అది విశ్రాంతి కాదు. గదిలో ఫ్యాను హోరు, మాటల సందడి ఉంటే తెలియకుండానే చేయి బలం పెంచుతుంది కాబట్టి వాటిని ముందే ఆపించుకోండి. ఇప్పుడే ఒకసారి వినికిడి నిపుణుడైన ఆడియాలజిస్టు దగ్గర పరీక్ష చేయించుకోండి, ముందు రోజు సాయంత్రం నుంచి చెవులకు విశ్రాంతినిచ్చి వెళ్ళండి. ఆ పరీక్ష ఫలితాన్ని చూపే ఆడియోగ్రామ్ దాచుకుంటే ఏటా చేయించే పరీక్షను దానితో పోల్చుకోవచ్చు. కూత రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, మామూలు శబ్దాలు భరించలేనట్లు అనిపించినా సాధన ఆపి చెవి వైద్యుణ్ణి కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్లయితే ఆ రోజే వెళ్ళాలి.

ప్రశ్న: నా వయసు యాభై దాటింది. పై పౌనఃపున్యాల వినికిడి కొంత తగ్గిందని పరీక్షలో తేలింది. ఇప్పుడు ఈ విద్య మొదలుపెట్టవచ్చా?

జవాబు: మొదలుపెట్టవచ్చు. శ్రుతికి పునాది వేసే మధ్య ఆక్టేవులో, ఎఫ్3 నుంచి ఎఫ్4 వరకు, మేజర్ థర్డ్‌ల (ఎఫ్3, ఎ3 లాంటి స్వర జంటల) బీట్లు సుమారు 870 నుంచి 1400 హెర్ట్జ్ ప్రాంతంలో వినిపిస్తాయి. ఆ మేర మీ ఆడియోగ్రామ్ బాగుంటే నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. చివరి ఆక్టేవు దగ్గర మాత్రం చెవిని ఒక్కదాన్నే నమ్మకుండా ఎలక్ట్రానిక్ ట్యూనింగ్ పరికరం సాయం తీసుకోండి, మంచి వినికిడి ఉన్న ట్యూనర్లూ ఎందరో అక్కడ దాన్ని వాడతారు. తెరను చూస్తూ చేసే పని కనుక అంతసేపూ చెవులకు ఎక్కువ రక్షణనిచ్చే ప్లగ్‌లు పెట్టుకోవచ్చు.