సీజనంతా గెలిచిన టీమ్ చిన్న కాలేజీ చేతిలో ఓడితే కోచ్‌ని తీసేయాలా?

మీ ప్రశ్న ఇదీ కదా, ఏడాదంతా దుమ్ము దులిపిన కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లోనే ఎవరూ పట్టించుకోని టీమ్ చేతిలో ఓడితే తప్పు కోచ్‌దేనా, మార్చేయాలా అని. నన్నడిగితే తప్పులో పెద్ద వాటా కోచ్‌దే, కానీ అందుకని వెంటనే పంపేయడం మాత్రం కరెక్ట్ కాదు. ఇది నేను రెండుసార్లు దగ్గర్నుంచి చూశా, ఒకసారి అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు, అంతకు ముందు ఇక్కడ మా ఇంజినీరింగ్ కాలేజీ టీమ్‌లో ఆడుతున్నప్పుడు.

2023 మార్చి 17, శుక్రవారం సాయంత్రం. పర్డ్యూ ఉన్న ఊరు వెస్ట్ లాఫయెట్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మందిమి, అందరం తెలుగువాళ్ళమే, పులిహోర కలుపుకుని టీవీ ముందు కూర్చున్నాం. అమెరికా కాలేజీల జాతీయ టోర్నమెంట్ అది, పర్డ్యూ ఒకటో సీడ్ (సీడ్ అంటే టోర్నమెంట్‌కి ముందు ఇచ్చే ర్యాంకు), ఎదుటి యూనివర్సిటీ ఫెయిర్లీ డికిన్సన్ పదహారో సీడ్. అంటే టోర్నమెంట్‌లో అందరికన్నా పైనున్న వాళ్ళకీ అందరికన్నా కిందున్న వాళ్ళకీ మ్యాచ్ అన్నమాట, మగవాళ్ళ టోర్నమెంట్‌లో అప్పటిదాకా ఒకటో సీడ్ అలా ఓడింది ఒక్కసారే, 2018లో వర్జీనియా. మా సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు ప్లేయర్, జాక్ ఈడీ 7 అడుగుల 4 అంగుళాలు, ఆ ఏడాది దేశంలోనే బెస్ట్ ప్లేయర్. ఎదుటి టీమేమో కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఉన్న 360కి పైగా టీమ్‌లలో సగటు ఎత్తు అన్నిటికన్నా తక్కువున్నది, ముందు ఏడాది మొత్తం మీద నాలుగే మ్యాచ్‌లు గెలిచింది. మా కజిన్ న్యూజెర్సీలో అదే యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాడు, వాడికి వాళ్ళ టీమ్ టోర్నమెంట్‌లో ఉందని నేను ఫోన్ చేసి చెప్తేగానీ తెలీదు.

63-58తో ఓడిపోయాం. పులిహోర అలాగే ఉండిపోయింది, చాలాసేపు ఎవరూ టీవీ కట్టేయలేదు.

తర్వాత రెండు రోజులు నేను ఆ మ్యాచ్ మళ్ళీ మళ్ళీ చూశా. అదృష్టం కలిసొచ్చి గెలిచిన మ్యాచ్ కాదది. వాళ్ళ కోచ్ టోబిన్ ఆండర్సన్ డివిజన్ టూ నుంచి అప్పుడే వచ్చాడు, అక్కడ తన దగ్గర ఆడిన పొట్టి గార్డుల్ని కూడా వెంట తెచ్చుకున్నాడు, పర్డ్యూ ఆట చూసేకొద్దీ మనం గెలవగలం అనిపిస్తోందని మ్యాచ్‌కి ముందే కెమెరాల ముందు తన టీమ్‌కి చెప్పాడు. ఈడీకి బాల్ వచ్చాక ఎలాగూ ఆపలేరు కాబట్టి అసలు రాకుండా చూశారు, ఒకడు ముందు నిలబడతాడు ఇంకొకడు వెనక, బాల్ తెచ్చే గార్డు మీదేమో కోర్టు మొత్తం ప్రెస్, అంటే బాల్ అందుకున్న దగ్గర్నుంచే మీద పడి కదలనివ్వకపోవడం. మా గార్డులిద్దరూ, బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, అప్పటికి ఫస్టియర్ పిల్లలు, ఊపిరి తీసుకోడానికి కూడా టైమ్ ఇవ్వలేదు వాళ్ళకి. 16 టర్నోవర్లు, అంటే షాట్ వేయకుండానే ఎదుటివాళ్ళకి పోగొట్టుకున్న బాల్స్. లోపలికి దారి మూసుకుపోతే బయట్నుంచి వేయాలి కదా, 26 త్రీ పాయింటర్లు వేస్తే పడినవి 5. ఈడీ 21 పాయింట్లు, 15 రీబౌండ్లు చేసినా చివర్లో చాలాసేపు అతని చేతికి షాట్ వేసేలా బాలే అందలేదు. ఇంకో నిమిషం ఉందనగా వాళ్ళ టీమ్‌లో షాన్ మూర్ అనే కుర్రాడు త్రీ వేశాడు చూడండి, అక్కడితో అయిపోయింది.

మా కోచ్ మ్యాట్ పెయింటర్ మీద కోపం రావడానికి కారణం ఈ ఒక్క మ్యాచే కాదు. 2021లో పదమూడో సీడ్ నార్త్ టెక్సస్ చేతిలో, 2022లో పదిహేనో సీడ్ సెయింట్ పీటర్స్ చేతిలో, ఇప్పుడు ఇది. మూడేళ్ళు వరసగా చిన్న టీమ్‌ల చేతిలో ఇంటికి. మా రూమ్‌లో కూడా తీసేయాల్సిందే అన్నారు, ఆ రాత్రి నేనూ అదే అన్నా.

కానీ నిద్రపట్టక పడుకున్నప్పుడు నాకు ఇంజినీరింగ్ కాలేజీలో మా కోచ్, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ గుర్తొచ్చారు. మా కాలేజీ అమ్మాయిల టీమ్ జోనల్స్‌కి ఫేవరెట్‌గా వెళ్ళింది, మా సెంటర్ అయిదడుగుల పదంగుళాల పిల్ల, ఆమెకి బాల్ వేస్తే రెండు పాయింట్లు గ్యారంటీ అన్నట్టుండేది మా ఆట, ఇంకో ప్లాన్ అంటూ లేదు. సెమీస్‌లో ఇద్దరు పొట్టి పిల్లలు మమ్మల్ని సెంటర్ లైన్ దాటనివ్వలేదు. నేను గార్డుని, పోగొట్టిన బాల్స్‌లో సగం నావే. టైమవుట్‌లో సార్ ఒకటే మాట, లోపలికెయ్యండి లోపలికెయ్యండి అని, ఎలా వేయాలో చెప్పలేదు, ప్రెస్ మీద మేం ఒక్కరోజు కూడా ప్రాక్టీస్ చేయలేదు మరి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరి ముందూ ఆ పిల్లని పట్టుకుని ఇంత ఎత్తుండి ఏం లాభం అన్నారు. బాల్ తన దాకా తీసుకెళ్ళలేనిది నేను, ఆ మాట అప్పుడు లేచి చెప్పలేకపోయా, అది నాకు ఇప్పటికీ బాధే. తను మళ్ళీ గ్రౌండ్‌కి రాలేదు. మరుసటేడు మొదటి మ్యాచ్‌లోనే అదే ప్రెస్‌కి మళ్ళీ ఓడాం.

అందుకే పెయింటర్ తర్వాత ఏం చేస్తాడా అని ఏడాదంతా కళ్ళు పెట్టుకుని చూశా. ఈడీ మీదకి తోసేయలేదు, ఆ కుర్రాడు మళ్ళీ వచ్చి ఆడాడు. ఆ ఇద్దరు గార్డుల్నే మళ్ళీ నమ్మాడు, కాకపోతే వాళ్ళ పక్కన సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి లాన్స్ జోన్స్‌ని తెచ్చాడు, సీనియరు, కాళ్ళలో వేగం ఉంది, ప్రెస్ వస్తే ఇంకో చెయ్యి ఉన్నట్టు. బయట్నుంచి వేసే షాట్లు ఆ సీజన్లో దాదాపు 40 శాతం పడ్డాయి. అంటే ఎక్కడ దెబ్బ తగిలిందో సరిగ్గా అక్కడే పని చేశారు. 2024లో మళ్ళీ ఒకటో సీడే, మళ్ళీ పదహారో సీడ్‌తో మొదటి మ్యాచ్, ఆ రోజు నా గుండె ఎలా కొట్టుకుందో, 78-50తో గెలిచారు. టెన్నెసీ మీద ఈడీ 40 పాయింట్లు కొట్టి ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీస్‌కి, తీసుకెళ్ళాడు, పర్డ్యూకి అది 1980 తర్వాత మొదటిసారి. ఫైనల్లో యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడారు, కానీ ఆ ఓటమి వేరు, వాళ్ళు నిజంగా మాకన్నా మంచి టీమ్.

వర్జీనియా కోచ్ టోనీ బెనెట్‌ని కూడా 2018లో తీసేయలేదు, 2019లో కప్పు కొట్టారు. అలాగని ప్రతి కోచ్‌కీ ఇంకో ఏడాది ఇచ్చి తీరాలని నేను అనను, మా పీడీ సార్‌కి పదేళ్ళిచ్చినా అదే ఆట ఆడించేవారు.

మీ టీమ్ ఏదో మీరు రాయలేదు. ఆ మ్యాచ్‌లో టర్నోవర్లు ఎన్ని, ఓడాక కోచ్ ఎవరి పేరు చెప్పాడు, వచ్చే సీజన్‌కి ఎవర్ని తీసుకుంటున్నాడు, ఈ మూడూ చెప్తే ఉంచాలో పంపాలో నాకు తోచింది రాస్తా.