వేట మాంసంలో వేట ఎక్కడుంది?

సందేహం: మేము టెక్సాస్‌లో ఉంటాం. మావారు స్నేహితులతో, లైసెన్సు తీసుకునే లెండి, వేటకు వెళ్లి జింకను కొట్టి తెచ్చారు. మాంసం రాత్రంతా మజ్జిగలో నానబెట్టి, మిరియాలూ ధనియాలూ దంచి వేసి వండాను. ఫొటో కింద ‘వేట మాంసం కూర’ అని రాస్తే, అమలాపురం నుంచి మా అత్తగారు ‘అక్కడ కిలో ఎంత?’ అని అడిగారు. ఫోనులో ఇంగ్లిషు ‘గేమ్ మీట్’కు అనువాదం వెతికితే ‘ఆట మాంసం’ అని వచ్చింది. ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: ‘ఆట మాంసం’ గురించి మాట్లాడి బీపీ పెంచుకోను. మీ అత్తగారు మాత్రం సరిగ్గానే అడిగారమ్మా. కోనసీమలో వేట మాంసమంటే కొట్లో కొక్కేనికి వేలాడే మేకపోతే. దాన్ని ఎవరూ అడవిలో తరమలేదు. మరి ఆ ‘వేట’ ఎక్కడిది?

తెలంగాణలో మేకనూ గొర్రెనూ ‘యాట’ అంటారు. నిఘంటువుల్లో ‘ఏట’ అంటే పొట్టేలు. ‘ఏడిక’ కూడా అదే. తమిళంలో మేక ‘ఆడు’, పాత తమిళంలో ‘యాడు’, కన్నడంలో ‘ఆడు’. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏట, యాట ఆ ఇంటి పిల్లలేనని నాకు అనిపిస్తుంది. అలాంటప్పుడు ముందు ‘వ’ ఎలా వచ్చింది? వేపను ‘యాప’ అనీ, వేళను ‘యాళ’ అనీ పలికే ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. చదువుకున్నవాడెవడో ‘యాట’ కూడా అలాంటి పలుకుబడే అనుకుని, దిద్దబోయి ‘వేట’ చేసి ఉంటాడు. లేని తప్పును దిద్దడం మనకు కొత్తేమీ కాదు.

అయితే ఇదే లెక్కను తిరగేసి, వేప యాప అయినట్టే వేట యాట అయిందని మీరంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. జాతరలో ‘వేటను కొట్టారు’ అన్నప్పుడు వేటుతో చుట్టరికం చూపేవారూ ఉన్నారు. నా మొగ్గు మాత్రం ఏట వైపే.

నిజమైన వేట మాంసం రుచి తెలియాలంటే ధూర్జటి దగ్గరికి వెళ్లాలి. ఆయన కావ్యంలోని తిన్నడు, అంటే మన భక్త కన్నప్ప, పొత్తపినాటి బోయవాడు. అడవిపందిని కొట్టి, మంచి తునకలు ఏరి, నిప్పుల మీద కాల్చి, నమిలి చూసి, రుచైనవే దొప్పలో పెట్టుకుని శివుడి దగ్గరికి వెళ్తాడు. చేతులు ఖాళీ లేక అభిషేకం నీళ్లు పుక్కిట పట్టి తెస్తాడు. ఎంగిలి అని పూజారికి వెగటు. తిన్నడికి మాత్రం నమిలి చూడకుండా పెట్టడమే తప్పు. బిడ్డకు పెట్టే ముద్ద ఉడికిందో లేదో తల్లి చూసినట్టు చూశాడు. ఆ వరస ఎన్నిసార్లు చదివినా, కాలిన కొవ్వు వాసన నా ముక్కుకు తగులుతుంది. నేను శాకాహారిని, అయినా సరే.

పాత తెలుగులో మాంసానికి ఎఱచి, నంజుడు అనే మాటలున్నాయి. మలయాళీలు ‘ఇఱచ్చి’ని ఇప్పటికీ రోజూ వాడుతున్నారు. మనం ఎఱచిని పారేసి, మేకకూ గొర్రెకూ కలిపి ‘మటన్’ అని ఊరుకున్నాం. ఇంగ్లిషులో మటన్ గొర్రెది మాత్రమేనని చెబితే వినేదెవరు!

ఇక మీ ‘జింక’. కొమ్మలు కొమ్మలుగా చీలి, ఏటేటా రాలి మళ్లీ మొలిచే కొమ్ములుంటే అది దుప్పి. చీలకుండా, మెలి తిరిగి, రాలకుండా ఉండేవైతే జింక. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. మన పత్రికలు రెంటినీ ‘జింక’ అనే రాస్తాయి. మీ దగ్గర తోకకింద తెల్లగా ఉండేది దుప్పే కనుక, ‘దుప్పి మాంసం కూర’ అని రాయండి. ‘వేటాడి తెచ్చిన మాంసం’ అన్నా నాకు అభ్యంతరం లేదు. ‘వేట మాంసం’ తప్పని అనను కానీ, కిలో ఎంత అని మళ్లీ అడుగుతారు.

ఒక్క అనుమానం. 1930లలో మన కృష్ణజింకలనూ చుక్కల దుప్పులనూ టెక్సాస్‌కు తీసుకెళ్లి వదిలారు. వాటినీ అక్కడ వేటాడతారు. మీవారు కొట్టింది ఏదో కొమ్ములు చూసి చెప్పమనండి. మెలి తిరిగి ఉంటే, మీరు మొదట రాసిన ‘జింక’ మాటే ఉంచండి.