మేతలో విషం పాలలోకి వస్తుందా?

ప్రశ్న: మేతలోని పురుగుమందు, బూజు విషం పాలలోకి వస్తాయా? కాచితే పోతాయా?

జవాబు: వస్తాయండీ, కానీ అన్నీ ఒకే దారిలో రావు. డీడీటీ లాంటి పురుగుమందులు కొవ్వులో కరుగుతాయి కాబట్టి పశువు ఒంట్లోని కొవ్వులో పేరుకుపోతాయి, ఈనిన కొత్తలో తిన్నది చాలక ఆ కొవ్వు కరిగినప్పుడు పాలలోకి దిగుతాయి, అందుకే పాలకంటే మీగడలో, వెన్నలో వాటి మోతాదు ఎక్కువ.

బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్నతోనే నాకు ఎక్కువ భయం. వాటిలో ఉండే అఫ్లటాక్సిన్ బీ1 అనే బూజు విషాన్ని పశువు కాలేయం అఫ్లటాక్సిన్ ఎం1 అనే మరో విషంగా మారుస్తుంది, తిన్న 24 గంటల్లోపే అది పాలలో కనిపిస్తుంది. కాచినా పోదు! మంచి మేత పెడితే మాత్రం కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది. ముక్కవాసన వచ్చే చెక్కను ఎండబెట్టి పెడదామని చూడకండి, దయచేసి పారేయండి. బూజు దులిపేసినా విషం లోపలే ఉంటుంది.